బండి ధరయు, దానిపై ధరలును

కూరగాయల బజారున కిలో వంకాయలు కొనునప్పుడు మనలో ఎవ్వరును రెండు రూపాయలకై వాదింపక ఊరకుండరు. త్రాసు వంక చూతుము. ముదురు కాయ ఏరివేయుదుము. కొసరుగా కరివేపాకు అడిగి తెచ్చుకొందుము. చీరాల నేతచీర కొనునప్పుడు అంచు తిరుగవేసి, కొంగు విప్పించి, పది చీరలు చూచినగాని ఒకటి ఎన్నుకొనము. అట్టి మనము, లక్ష రూపాయలకు చేరువైన మోటారుసైకిలు ఇంటికి వచ్చు దినమున మాత్రము, గుమ్మములో హారతిపళ్లెము పట్టుకొని నిలుచుందుము. చక్రము క్రింద నిమ్మకాయ పెట్టుదుము, కొబ్బరికాయ కొట్టింతుము. ఏ పద్దు క్రింద ఎంత చెల్లించితిరని అడుగము. అడుగలేదు గనుక మగవారును చెప్పరు.

ఈ మౌనమునకు మా యిల్లు ఒకసారి వెల చెల్లించినది. ఆ వెల ఎంతయో, తరువాత మేము నేర్చుకొన్నదేమో, సాటి గృహిణులకు పనికివచ్చునను ఆశతో మనవి చేయుచున్నాము.

మా వారు బాపట్లకు కొంత దూరముననున్న పల్లె బడిలో ఉపాధ్యాయులు. బస్సు తప్పిన దినమున వారు బడిగంట కొట్టిన పిమ్మట చేరవలసివచ్చెడిది. తానే ఆలస్యముగా వచ్చిన ఉపాధ్యాయుడు పిల్లలను ఆలస్యమునకు ఏ మొగముతో మందలించును? కావున 2019లో చీటీ పాడి, ఆ సొమ్ముతో బండి కొన నిశ్చయించితిమి. ప్రకటనలో చూచిన ధర ఒకటి. షోరూములో చెప్పినది మరియొకటి. చివరకు చెల్లించినది వేరొకటి. మా వారికి బేరమాడుట నామోషీ. "మాస్టారూ, మీ దగ్గర ఎక్కువ తీసుకుంటామా?" అని అచ్చటి గుమాస్తా అన్న ఒక్కమాటకు వారు కలము తీసి సంతకము చేసిరి.

ఆ రాత్రి మేము ఇంటి లెక్కలపుస్తకము ముందు పెట్టుకొని కూడిక వేసితిమి. హ్యాండ్లింగు ఛార్జీలు 1,800 రూపాయలు. రిజిస్ట్రేషను సేవ 1,200. అలంకార సామగ్రి 3,200. వెరసి 6,200 రూపాయలు. ఈ మూటికిని రసీదు లేదు. తెల్లకాగితముపై పెన్సిలుతో వ్రాసిన అంకెలు మాత్రమే ఉన్నవి. ఆ సొమ్ము మేము పెద్దపిల్ల కళ్లజోడునకును, ఆ యేటి పుస్తకములకును వేరుగా ఉంచినది. కళ్లజోడు నాలుగు నెలలు వెనుకబడెను. ఆ నాలుగు నెలలు బిడ్డ బల్ల మీదికి వంగి చదువుకొనుట చూచినప్పుడెల్ల ఆ పెన్సిలు అంకెలే మా కన్నులకు కట్టెడివి. షోరూము పేరు ఇచ్చట చెప్పము. తప్పు వారిది కొంత, అడుగని మాది కొంత.

ఆ సంగతి మరుగునపడుచుండగా, 2025 దసరా వెళ్లిన పిమ్మట, మా వీధిలో బట్టలు కుట్టు ఒక యిల్లాలు మా యింటికి వచ్చినది. భర్త లేడు. డ్వాక్రా సంఘములో పొదుపు చేసి, కుట్టుకూలి కూడబెట్టి, కొడుకును చదివించినది. ఆ పిల్లవానికి పొరుగూరిలో ఉద్యోగము దొరకినది. రాత్రి పని గనుక బండి లేనిదే సాగదు. ఆమె చేతిలో ఒక కొటేషను కాగితము ఉన్నది.

"అమ్మా, ఈ కాగితం ఒకసారి చూడండి. అబ్బాయి సరే అంటున్నాడు. నాకు మటుకు నిద్ర పట్టట్లేదు" అన్నది.

చూచితిమి. మా 2019 నాటి పెన్సిలు కాగితమునకు అది అచ్చువేసిన రూపము. పేర్లు మాత్రము గొప్పవి.

ఇక విషయమునకు వత్తము. బండికి చెల్లించు మొత్తమును మూడు కుప్పలుగా విడదీసినచో సగము చిక్కు విడిపోవును.

మొదటి కుప్ప ఎక్స్-షోరూము ధర. ఇందులో తయారీదారు వెలయు, జి.ఎస్.టి. పన్నును కలిసియుండును. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి.లకు మించని మోటారుసైకిళ్లపై ఈ పన్ను నూటికి 28 నుండి 18కి తగ్గినది; అంతకు మించిన బండ్లపై 40 అయినది. పన్ను లేని వెల 60,000 అయినచో, పాత లెక్కన 76,800 కావలసినది క్రొత్త లెక్కన 70,800 అగును. కావున మన చేతికిచ్చిన ధరలపట్టిక ఏ తేదీదో తప్పక చూడవలెను. ఈ కుప్పలో బేరమునకు తావు తక్కువ; అయినను పండుగలకు తయారీదారు ప్రకటించు తగ్గింపు మనకు అందినదో లేదో అడుగవలెను.

రెండవ కుప్ప ప్రభుత్వమునకు పోవునది. బండి ధరను బట్టి రాష్ట్రమునకు కట్టు జీవితకాలపు పన్ను, అనగా లైఫ్ టాక్సు, ఇందులో పెద్దది. కేంద్ర మోటారువాహన నియమములలో 81వ దాని ప్రకారము మోటారుసైకిలు రిజిస్ట్రేషనుకు 300 రూపాయలు. అప్పుపై కొన్నచో హైపాతికేషను నమోదుకు 500 రూపాయలు. వీనికి తోడు రాష్ట్రపు సేవారుసుములు కొన్ని చేరును. ఇవి బేరమాడవలసినవి కావు, సరిచూచుకొనవలసినవి. ప్రభుత్వమునకు కట్టిన ప్రతి రూపాయికిని రసీదు పుట్టును. ఆ రసీదు మన చేతికి రావలెను.

మూడవ కుప్ప షోరూమువారు తమకై తీసికొనునది. హ్యాండ్లింగు, లాజిస్టిక్సు, డాక్యుమెంటేషను, యాక్సెసరీల కిట్టు, అదనపు వారంటీ, మెరుగుపూత అని పలు పేర్లు. బేరమంతయు ఇచ్చటనే యున్నది. మూడు కుప్పలును కలిపి "ఆన్-రోడ్ ధర" అను ఒక్క అంకె చెప్పుటవలన ఈ మూడవది మొదటి రెంటి నీడన దాగియుండును. విడదీసి వ్రాయుమని కోరుటయే మొదటి ఉపాయము.

భారతమున ద్యూతసభకు ఈడ్చుకొనిరాబడిన ద్రౌపది అడిగిన ప్రశ్నను మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ధర్మరాజు మొదట తన్నోడెనా, నన్నోడెనా యని ఆమె అడిగినది. అది లెక్కకును న్యాయమునకును సంబంధించిన ప్రశ్న. సభలో పెద్దలున్నను నేరుగా జవాబు చెప్పినవారు అరుదు. షోరూములో మనకు అంతటి ఆపద లేదు. కాని వరుసగా, శాంతముగా వేసిన ప్రశ్నకు గల బలము మాత్రము అట్టిదే. మనము వేయవలసిన ప్రశ్న ఇది: "ఈ పద్దు సొమ్ము ఎవరికి పోవును? వారి రసీదు మాకు వచ్చునా?"

ఆ ప్రశ్నతో మేము ఆ యిల్లాలి కాగితమును పద్దు పద్దుగా చదివితిమి.

హ్యాండ్లింగు, లాజిస్టిక్సు 1,500 రూపాయలని యుండెను. ఇది ప్రభుత్వపు రుసుము కాదు. గిడ్డంగి నుండి బండిని షోరూమునకు తెచ్చు ఖర్చని చెప్పుదురు. అమ్ముకొనువాడు సరకును అంగడికి తెచ్చుకొనుట వ్యాపారములో భాగమే గదా.

రిజిస్ట్రేషను సేవ 1,000 రూపాయలు. 1988 నాటి మోటారువాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ, క్రొత్తబండి డీలరున్న రాష్ట్రముననే రిజిస్టరగునప్పుడు ఆ దరఖాస్తును డీలరే చేయవలెనని 41వ విభాగమున నిర్దేశించినది. చట్టము తనపై మోపిన పనికి డీలరు మనయొద్ద వేరుగా కూలి అడుగుట ఎట్లు?

నెంబరుపలక 600 రూపాయలు. 2019 ఏప్రిల్ 1 నుండి తయారైన బండ్లకు హై సెక్యూరిటీ నెంబరుపలకను తయారీదారే బండితోపాటు డీలరునకు అందింపవలెను. డీలరు దానిపై సంఖ్య వేయించి బిగింపవలెను. కావున ఈ పద్దును ప్రశ్నింపకుండ వదలరాదు.

యాక్సెసరీల కిట్టు 3,900 రూపాయలు. ఇందులో శారీగార్డు, వెనుక కూర్చున్నవారికి చేతిపట్టు, హెల్మెట్టు, క్రాష్‌గార్డు, సీటు కవరు, ట్యాంకు కవరు కలవు. ఇచ్చట స్త్రీలమైన మనము ప్రత్యేకముగా తెలిసికొనవలసినది ఒకటి యున్నది. చేతిపట్టు, పాదము మోపుకొను ఆధారము, వెనుకచక్రమును సగమునకు తక్కువ కాకుండ కప్పి బట్టలు చిక్కుకొనకుండ కాపాడు సాధనము, ఇవి ప్రతి మోటారుసైకిలునకు ఉండితీరవలెనని కేంద్ర మోటారువాహన నియమములలో 123వ నియమము చెప్పుచున్నది. అనగా మనము శారీగార్డు అనునది సోకునకు కొను అలంకారము కాదు; చట్టము బండిలో భాగముగా ఎంచినది. ఒకవైపు తిరిగి కూర్చున్న స్త్రీ పైటచెంగు గాలికి జారి చక్రములో చుట్టుకొన్నచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. దానిని అదనపు వస్తువుగా అమ్ముట, ఇంటికి తలుపును అలంకారముగా అమ్ముటవంటిది. అట్లే బండి కొను సమయమున బి.ఐ.ఎస్. ప్రమాణము గల హెల్మెట్టు ఒకటి తయారీదారే అందింపవలెనని 138వ నియమమున ఉన్నది.

మిగిలిన క్రాష్‌గార్డు, కవరులు మన ఇష్టము. కావలెనన్న కొనవచ్చును, వెలుపలి దుకాణమున వెల విచారించి మరీ కొనవచ్చును.

తరువాతిది ఇన్సూరెన్సు. ఇచ్చట తొందరపాటు పనికిరాదు. సుప్రీంకోర్టు ఆదేశము ననుసరించి 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త ద్విచక్రవాహనమునకు ఐదేండ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. మన బండివలన ఇతరులకు కలుగు హానికి అది పరిహారమిచ్చును. దాని రుసుము బేరమును బట్టి ఉండదు, ప్రభుత్వమే నిర్ణయించును. 2022 జూన్ 1 నుండి అమలునకు వచ్చిన పట్టికలో ఐదేండ్లకు 75 సి.సి. లోపు బండికి 2,901 రూపాయలు, 75 నుండి 150 వరకు 3,851, 150 నుండి 350 వరకు 7,365, ఆపై 15,117 అని యున్నది. దీనిపై జి.ఎస్.టి. చేరును. ఏ కంపెనీ వద్ద కొన్నను ఈ భాగము మారదు.

మారునది రెండవ భాగము. మన బండికే కలుగు నష్టమునకు, దొంగతనమునకు చేయు బీమా. ఇది ఐచ్ఛికము. దీనిని ఒక యేటికి తీసికొని తరువాత ఏటేట మార్చుకొనుటకు వీలున్నది. క్రొత్తబండికి తొలి యేడు ఇది ఉండుట మేలని మా అభిప్రాయము. అయితే షోరూమువారు చూపిన కంపెనీ వద్దనే కొనవలెనను నిర్బంధము లేదు. డీలరులు కొనుగోలుదారుని అట్లు బలవంతపెట్టరాదని బీమా నియంత్రణ సంస్థ 2017లోనే మార్గదర్శకములు ఇచ్చినది. మేము మరియొక కంపెనీ వెల విచారింపగా, అవే రక్షణలకు షోరూము చెప్పినదానికన్న 1,100 రూపాయలు తక్కువ తేలినది.

ఇందులోనే ఇంకొక సూక్ష్మమున్నది. బండి తన పేర పెట్టుకొనవలెనని ఆ తల్లి కోరిక. సొమ్ము ఆమెది గనుక అది న్యాయమే. కాని యజమాని తానే నడుపునప్పుడు వర్తించు 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా, డ్రైవింగు లైసెన్సు గల యజమానికే గాని ఆ బండి నడుపు వేరొకరికి కాదు. ఆమెకు లైసెన్సు లేదు. రాత్రివేళ బండి నడుపవలసినది కొడుకు. ఈ సంగతి చెప్పగా ఆమె క్షణమైనను ఆలోచింపక, "అట్లయితే వాడి పేరే పెట్టండి" అన్నది. బీమా వెలలో పొదుపు చేయవచ్చును, రక్షణలో చేయరాదు.

ఇక అప్పు సంగతి. ఆమెకు 50,000 రూపాయలు తక్కువ పడుచున్నవి. షోరూములో కూర్చున్న ఫైనాన్సు ప్రతినిధి "నూటికి పదకొండే వడ్డీ" అని చెప్పి, రెండేండ్లకు నెలకు సుమారు 2,542 రూపాయల వాయిదా లెక్క వ్రాసియిచ్చెను. అది ఫ్లాట్ వడ్డీ. నెలనెల అసలు తీరుచున్నను, వడ్డీ మాత్రము మొదటి నుండి చివరవరకు పూర్తి 50,000 మీద కట్టింతురు. రెండేండ్లకు వడ్డీ 11,000. నిజమునకు రెండేండ్లలో మన చేతనుండు అప్పు సగటున సగము మాత్రమే గనుక, తగ్గుదల లెక్కన చూచినచో అది నూటికి సుమారు 20 అగును. అదే 50,000 తగ్గుదల పద్ధతిని నూటికి 12 చొప్పున దొరకినచో రెండేండ్ల వడ్డీ 6,500 లోపే. పదకొండు కన్న పన్నెండు చవుక యగుట వింతగా తోచును. వింత లెక్కలో లేదు, మాటలో ఉన్నది.

ఇందుకు మనకు ఒక కవచము ఉన్నది. రిజర్వు బ్యాంకు ఆదేశము ప్రకారము 2024 అక్టోబరు 1 నుండి మంజూరగు చిల్లర అప్పులన్నింటికిని, ఒప్పందమునకు ముందే, రుణగ్రహీతకు అర్థమగు భాషలో ముఖ్యాంశముల పత్రము ఇయ్యవలెను. దానిలో అన్ని ఖర్చులును కలిపిన వార్షిక రేటు ఉండును. అందులో చూపని రుసుమును మన స్పష్టమైన అంగీకారము లేనిదే వసూలు చేయరాదు. వాయిదా ఎంతయని కాక, ఆ పత్రము చూపుమని అడుగవలెను.

ఇంత సిద్ధపడి, తల్లి, కొడుకు, మేము, ముగ్గురమును షోరూమునకు పోయితిమి. పోవుటకు ముందు అదే బండికి వేరొక పట్టణమునుండి రెండవ కొటేషను తెప్పించుకొంటిమి. తెనాలి, పొన్నూరు, బాపట్ల, చీరాల పట్టణములు ఒకదానికొకటి చేరువలోనివి. ఎక్స్-షోరూము ధర ఒకటే యైనను మూడవ కుప్ప ఊరూరికిని, అంగడి అంగడికిని మారును. రెండవ కాగితము చేతనున్నచో గొంతు పెంచవలసిన పని లేదు.

గుమాస్తా కుఱ్ఱవాడు మర్యాదస్థుడే. "ఇవన్నీ కంపెనీ రూల్సండి. అందరి దగ్గరా తీసుకునేవే" అన్నాడు.

"తప్పకుండా తీసుకోండి బాబూ. ఏ పద్దు ఎవరికి పోతుందో పక్కన రాసి, రసీదు ఇస్తామని సంతకం పెట్టండి. మాకు అంతే చాలు" అంటిమి.

అతడు కాగితము వంక చూచి, మా వంక చూచి, లోపలికి పోయి మేనేజరును పిలుచుకొనివచ్చెను. హ్యాండ్లింగు అనగా గోడౌను నుండి బండిని తెచ్చి, తుడిచి, నిలబెట్టు ఖర్చని ఆయన వివరించెను. మేము జవాబు వెదకుచుండగనే మా వెంట వచ్చిన యిల్లాలు అందుకొన్నది.

"నేను జాకెట్టు కుట్టినందుకు కుట్టుకూలి అడుగుతాను గాని, గుడ్డ సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టినందుకు వేరే అడగను బాబూ!"

చుట్టునున్నవారు నవ్విరి, మేనేజరును నవ్వెను. మేము చదివిన నియమములన్నియు చేయలేని పని ఆ ఒక్కమాట చేసినది. హ్యాండ్లింగు 1,500 కొట్టివేసిరి. నెంబరుపలక 600 కొట్టివేసిరి. శారీగార్డు, చేతిపట్టు, హెల్మెట్టు వెల లేకుండ ఇచ్చి, క్రాష్‌గార్డు, సీటు కవరు మాత్రము 1,400 రూపాయలకు లెక్కకట్టిరి. అందువలన 2,500 తగ్గినది. బయటి బీమా కాగితము చూపగా తమ వెలలో 900 తగ్గించిరి. బండితోనే పని తీరునని దానికి ఒప్పుకొంటిమి. రిజిస్ట్రేషను సేవ మాత్రము పూర్తిగ వదలలేదు; వెయ్యి అడిగినది ఐదువందలకు దిగి అచ్చట ఆగిరి. చట్టము చూపితిమి, "మా ఓనరుగారు ఒప్పుకోరండి" అనిరి. ఇంకొక దినము తిరిగినచో ఆమె కుట్టుకూలి ఒకనాటిది పోవును. రసీదు ఇత్తురేని సరేయని ఆమెయే నిర్ణయించినది. మొత్తముమీద మిగిలినది 6,000 రూపాయలు. అప్పు 44,000కు తగ్గినది. దానిని ఆమె తన ఖాతా ఉన్న బ్యాంకులో తగ్గుదల వడ్డీకి తీసికొన్నది.

ఆ రాత్రి మా పాత లెక్కలపుస్తకము తీసి 2019 నాటి పుట చూచుకొంటిమి. మాకు పోయినది 6,200; ఆమెకు దక్కినది 6,000. ఒకప్పుడు ఈ పుట చూచి సిగ్గుపడెడివారము. ఇప్పుడది మా గురుదక్షిణ యని తోచినది.

బేరమునకు కాలము కూడ ముఖ్యము. దసరానాడు, ధనత్రయోదశినాడు షోరూములో కాలు పెట్టుటకు చోటుండదు. ముహూర్తము దాటిపోవుచుండగా, పురోహితుడు ఇంట వేచియుండగా, ఏ గృహస్థు హ్యాండ్లింగు గురించి వాదింపగలడు? కావున ముహూర్తము బండి ఇంటికి తెచ్చుటకు ఉంచుకొని, ధర మాత్రము వారము పది దినములు ముందుగనే పద్దులవారీగ వ్రాయించుకొని, షోరూము ముద్ర వేయించుకొనవలెను. అడ్వాన్సు ఇచ్చునప్పుడు బేరము కుదరనిచో అది తిరిగి వచ్చునను మాట రసీదుపై ఉండవలెను. బండి తీసికొను దినమున తయారైన నెల, సంవత్సరము, ఛాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య పత్రములతో సరిచూడవలెను. ఇన్వాయిసు, బీమా పాలసీ, పన్ను రసీదు, 21వ ఫారమను అమ్మకపు ధ్రువపత్రము, 22వ ఫారమను యోగ్యతాపత్రము చేతికి వచ్చినపిమ్మటనే హారతి.

కొందరు "ఇంత గీచిగీచి అడుగుట మర్యాదయా?" అందురు. షోరూములో పనిచేయు పిల్లలును మన ఇండ్ల పిల్లలవంటివారే. వారిని కసరుట తగదు. వ్యాపారికి లాభము కూడదని మేము అనము. చేసిన పనికి, ఇచ్చిన వస్తువునకు, పేరు చెప్పి, బిల్లు వ్రాసి తీసికొన్న సొమ్మును ఎవ్వరును తప్పుపట్టరు. పేరులేని సొమ్మును, రసీదు లేని సొమ్మును మాత్రమే ప్రశ్నింపుమని మా మాట. ఈ పోరు మనకొక్కరికే గలిగినదియు కాదు. అమెరికాలో క్రొత్త కారు అద్దముపై ధరల వివరపత్రము అతికింపవలెనని 1958లోనే చట్టము చేయవలసివచ్చినది. మోటారుసైకిళ్లకు ఆ చట్టము లేకపోవుటచేత, రవాణా, బిగింపు, పత్రముల రుసుముల పేర అచ్చటి కొనుగోలుదారులును నేటికిని మనవలెనే బేరమాడుచున్నారు.

అడిగినను వినక, బలవంతముగా వసూలు చేసినచో? 2020 జులై 20 నుండి అమలునకు వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, ఒక వస్తువు కావలెనన్న మరియొకటి కొనితీరవలెనని నిర్బంధించుటను, బిల్లు ఇయ్యకపోవుటను తప్పుగ పరిగణించుచున్నది. జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో, వస్తువు వెల 5 లక్షల రూపాయలకు మించనిచో, ఫిర్యాదునకు రుసుము లేదు; గడువు రెండేండ్లు. అయితే ఏ ఫిర్యాదుకైనను కాగితమే ప్రాణము. మా 2019 నాటి పెన్సిలు అంకెలతో మేము ఏ గడపయు ఎక్కలేకపోతిమి.

ఆ తల్లి బండి ఇప్పుడు మా వీధి చివర వేపచెట్టు క్రింద నిలుచుచున్నది. మొన్న ఆదివారము ఆమె కొడుకు ఆమెను వెనుక కూర్చుండబెట్టుకొని సూర్యలంక సముద్రతీరమునకు తీసికొనిపోయినాడు. వచ్చినపిమ్మట ఆమె మా యింటి అరుగుమీద కూర్చుండి, "చెంగు చక్రం దగ్గరకి పోలేదమ్మా. పైసా ఇవ్వని గార్డు బాగానే పనిచేస్తోంది" అని నవ్వినది.

సోదరీమణులారా! మీ యింట బండి కొను ప్రస్తావన వచ్చినప్పుడు హారతిపళ్లెము తరువాత సర్దుకొనవచ్చును. ముందుగా ఒక కాగితమును, కలమును తీసికొని, మగవారి వెంట మీరును షోరూమునకు పొండు. వంకాయల బజారున మీరు నేర్చిన విద్య అచ్చటను చెల్లును.